హాస్టల్లో ఒక్కతే ఆడపిల్ల

మొన్న కరెంటు పోయినప్పుడు, కరెంటు పని ఆడవాళ్ల వల్ల కాదని ఎనిమిదో తరగతి వాళ్లు పెద్ద వాదన పెట్టుకున్నారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

అయ్యలసోమయాజుల లలిత గారు మన దేశంలో తొలి మహిళా ఎలక్ట్రికల్ ఇంజనీరు. 1919 ఆగస్టు 27న మద్రాసులో ఒక తెలుగు ఇంట్లో పుట్టారు. 15 ఏళ్లకే పెళ్లయింది. 18 ఏళ్లకు భర్త పోయారు. అప్పటికి చేతిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో చాలా ఇళ్లల్లో అలాంటి అమ్మాయిని మూల కూర్చోబెట్టేవారు. ఈమె మాత్రం మళ్లీ పుస్తకం పట్టారు. డాక్టరు అయితే అర్ధరాత్రి పిలిచినా పాపను వదిలి పోవాలి కదా, అందుకే ఇంజనీరింగు ఎంచుకున్నారు.

నాన్న పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగు కాలేజీలో ప్రొఫెసరు. అక్కడ చదివేవాళ్లంతా మగపిల్లలే. ఆయన ప్రిన్సిపాల్ చాకో గారిని అడిగి 1940లో కూతుర్ని చేర్పించారు. మామూలు కూలి మనిషి అడిగితే గేటు తీసేవారా? నాకు అనుమానమే.

చదువు ఆమెకి కష్టం కాలేదు. హాస్టల్లో ఒంటరితనమే కష్టమైంది. మనం ఒక్క గదిలో ఇంతమందిమి ఉండి చోటు చాలదని తగవు పడతాం. ఆమెకి తగవు పడ్డానికి కూడా తోడు లేదు. పాప చూస్తే అన్నయ్య వాళ్లింట్లో, వారం చివరే చూడటం. మళ్లీ నాన్నగారే కదిలితే ఇంకో ఇద్దరమ్మాయిలు చేరారు. లీలమ్మ జార్జి, పి.కె. త్రేసియా, ఇద్దరూ సివిల్. సర్టిఫికెట్ల మీద ‘అతడు’ అని అచ్చువేసి ఉంటే కొట్టేసి ‘ఆమె’ అని దిద్దాల్సి వచ్చింది!

తర్వాత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ, సిమ్లాలో ఉద్యోగం. 1948 నుంచి కలకత్తాలో ఒక ఇంగ్లీషు కంపెనీలో కరెంటు లైన్లు, సబ్‌స్టేషన్ల డిజైన్లు గీశారు. భాక్రానంగల్ డ్యాము జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది. అక్కడ కూడా పాపను పెంచడానికి అన్నదమ్ముల అండ ఉండబట్టే సాగింది.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, సెలవుల్లో బాబాయితో హైదరాబాదు అమీర్‌పేట పోయాను. మైత్రీవనం చుట్టూ ఎటు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. మెట్లనిండా అక్కలే, సందుల్లో లేడీస్ హాస్టళ్లే. ఇప్పుడు చాలా క్లాసుల్లో ఆడపిల్ల ఒక్కతే కాదు. ఐఐటీల్లో కూడా 2018 నుంచి అమ్మాయిలకి అదనంగా సీట్లు ఇస్తున్నారు. కానీ మా ఊరి అక్క ఒకామె అక్కడే కలిసింది. బాబు పుట్టాక ఉద్యోగం మానేసిందట. నాలుగేళ్లకు ఇప్పుడు మళ్లీ మొదట్నుంచి కోర్సు నేర్చుకుంటోంది. బాబు ఊళ్లో అమ్మమ్మ దగ్గర ఉన్నాడు. సీటు దొరికింది గానీ, బిడ్డను చూసే మనిషి దొరకడం లలిత గారి కాలంలో ఎంత కష్టమో ఇప్పుడూ అంతే.

1964లో న్యూయార్కులో ప్రపంచ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల మొదటి సభ జరిగింది. మన దేశంలో అలాంటి సంఘమే లేదు. లలిత గారు తనంతట తానే వెళ్లి కూర్చున్నారు. 1977లో రిటైరయ్యారు, 1979లో 60 ఏళ్లకు కన్నుమూశారు. మళ్లీ పెళ్లి చేసుకోలేదు.