కొండదారుల ఉపాధ్యాయుడు: శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు

మూలపేట తీరమున నివసించు మనకు నౌపడ రైలుస్టేషను చిరపరిచితము. అచ్చటనుండి పర్లాకిమిడికి సుమారు 25 మైళ్ల రైలుమార్గమును ఆ సంస్థానపు రాజావారు నిర్మింపజేయగా, 1900 సంవత్సరమున బండ్లు నడువ నారంభించెను. ఉప్పుమడులను, వరిచేలను దాటి రైలు పర్లాకిమిడి చేరునప్పటికి ఎదుట కొండలు నిలిచియుండును. ఆ కొండలలో సవరలు అనాదిగా నివసించుచున్నారు. ఆ కాలమున వారి పల్లెలకు పోదలచినవాడు కాలినడకనే పోవలసియుండెను. అట్లు పోయి, కొనిరాదగినదానిని కొనివచ్చి, దానికై గొప్ప వెల చెల్లించిన ఒక ఉపాధ్యాయుని చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన, వంశధారా ప్రాంతమునగల పర్వతాలపేట గ్రామమున జన్మించిరి. తండ్రి వీరరాజుగారు రెవెన్యూ ఉద్యోగి. 1875లో తండ్రిగారు గతింపగా, పండ్రెండేండ్ల ప్రాయముననే కష్టములు వారిని చుట్టుకొనెను. అయినను విజయనగరమున బంధువుల ప్రాపున నుండి, మహారాజావారి పాఠశాలలో చదువు సాగించిరి. తరువాతి కాలమున మహాకవియని పేరొందిన గురజాడ అప్పారావుగారు అచ్చట వారికి సహాధ్యాయులు. 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షయందు ఉత్తీర్ణులై, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు 30 రూపాయల జీతముపై ఉపాధ్యాయులుగా ప్రవేశించిరి. పగలు పిల్లలకు పాఠములు చెప్పుచు, తీరిక వేళల తాము చదువుకొనుచు, పై పరీక్షలలో గూడ కృతార్థులైరి.

పంతులుగారు చరిత్ర బోధించువారు. మన ప్రాంతపు ప్రాచీన చరిత్ర నాటి పాఠ్యపుస్తకములలో మిక్కిలి కొరత. అది వంశధారా తీరమునగల ముఖలింగ దేవాలయముల గోడలమీదను, తామ్రపత్రముల మీదను ఉండెను. గోడమీది శాసనము నడచి మన యింటికి రాదు. మనమే నడచి దానియొద్దకు పోవలెను. పంతులుగారు ప్రాచీన లిపులను గురువు లేకయే అభ్యసించి, ఆ శాసనములను చదివిరి. పూర్వగాంగ రాజులకు రాజధానియైన కళింగనగరము ముఖలింగమేయని హేతువులు చూపి వ్యాసములు వ్రాసిరి.

ఇంతకంటె దుర్గమమైన దారి వారికొరకు వేచియుండెను. పొరుగున వసించు సవరల భాష ఇరుగుపొరుగు భాషలగు తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. ముండా భాషాకుటుంబమునకు చెందినది. ఆ నాడు దానికి లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. వారి బిడ్డలకు వారి మాటలలోనే విద్య గరపవలెనని పంతులుగారు సంకల్పించిరి. తెలుగును సవరభాషయు నెరిగిన యొకనిని తమ యింటనే యుంచుకొని, అతని నోట ఆ భాష నేర్చుకొనసాగిరి.

అయితే ఒక్కని నోట విన్న మాట ఆ యొక్కని వాడుకయే కావచ్చును. ఒక పల్లెలో పలుకు తీరు మరియొక పల్లెలో మారవచ్చును. చెట్టు పేరు చెట్టుక్రిందను, పంట పేరు పోడు చేనిలోను అడిగినప్పుడే సందేహము తీరును. కంఠమును క్షణకాలము బిగబట్టి పలుకు ధ్వని యొకటి సవరభాషలో కలదు. దానిని తెలుగు అక్షరములతో వ్రాయుట సాధ్యము కాదు. అది చెవితో పలుమారు వినియే పట్టుకొనవలసినది. కావున పంతులుగారు మన్యపు దారులలో మైళ్లకొలది నడచి సవరల పల్లెలు తిరిగిరి. వారి కాళ్లు వారి చెవులను ఆ భాష యున్న చోటికి మోసికొనిపోయెనని చెప్పవచ్చును.

మన్యములో నాడు విషజ్వరము మెండు. ఆ జ్వరము చెడుగాలివలన వచ్చునని చిరకాలము జనులు తలచుచుండిరి. 1897లో మన సికిందరాబాదునందే రోనాల్డు రాసు అను వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనినపిమ్మటనే యథార్థము వెల్లడియయ్యెను. కొండలలో తిరుగుచుండగా పంతులుగారిని ఆ జ్వరము పట్టుకొనెను. దానికి మందు క్వినైను. దానిని మితిమీరి పుచ్చుకొనవలసివచ్చుటచే జ్వరము తగ్గెను గాని వినికిడి చెడెను. చెవుడు జీవితాంతము వారిని విడువలేదు. ఏ చెవులతో లిపిలేని భాషను సేకరింపబూనిరో, ఆ చెవులనే వారు ఆ పనిలో పోగొట్టుకొనిరి.

ఇంతటి నష్టము కలిగినను వారు చేపట్టిన పనిని విడువలేదు. సవరభాషలో పుస్తకములు వ్రాసి, సొంత ధనముతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు తామే జీతములిచ్చిరి. 1911లో ఉద్యోగము విరమించిరి. 1913లో ప్రభుత్వమువారు రావు బహదూరు బిరుదమిచ్చి గౌరవించిరి. భాష జనుల నోట జీవించుననెడు ఈ యనుభవమే వారిని తెలుగునందు వాడుకభాషకై పోరాడునట్లు చేసినదని తలచుట యుక్తము. సవరభాషా వ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వముచే ముద్రింపబడెను. అప్పటికి వారికి డెబ్బది యయిదేండ్లు. ఇంతలో 1936లో పర్లాకిమిడి ఒడిస్సా రాష్ట్రమున చేరగా, అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఆ యూరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఆ సంవత్సరముననే సవరలలో నొకరగు మంగేయి గొమాంగోగారు తమ భాషకు సొరాంగ్ సొంపెంగ్ అను లిపిని కల్పించిరి. పంతులుగారు 1940 జనవరి 22వ తేదీన పరమపదించిరి. వారి జన్మదినమగు ఆగస్టు 29ని నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము.

విద్యార్థులారా, నౌపడ రైలుమార్గము 1931లోనే గుణుపురము వరకు సాగినది. నేడు కొండదారులకు బస్సులును గలవు. గేర్ల సైకిళ్లపై కొండలెక్కు యువకులును గలరు. మందస, మెళియాపుట్టి ప్రాంతముల కొండలలో సవరల పల్లెలు నేటికిని మనకు సమీపముననే యున్నవి. సెలవు దినములలో అటు నడచుట దేహమునకు బలము, మనస్సునకు ఉల్లాసము. కాని పోవునప్పుడు నీరు, గట్టి చెప్పులు, నిండుచేతుల చొక్కా, రాత్రి నిలుచువారైనచో దోమతెర మరువకుడు. జ్వరము సోకినచో రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పిన మోతాదునకు మించి మందు పుచ్చుకొనకుడు. ఈ జాగ్రత్తలు తెలియని కాలమున ఒక మహనీయుడు పడిన బాధ మనకు పాఠము కావలెను.

మరియు, శిఖరమెక్కి క్రిందికి చూచి మరలివచ్చుటతోనే తృప్తిపడకుడు. దారిలో కనబడు పెద్దలకు నమస్కరించి, ఆ చెట్టు పేరేమి, ఆ వాగు పేరేమియని వినయముగా అడుగుడు. వారు చెప్పిన మాటను వారు పలికినట్లే పలికి చూడుడు. పుస్తకమున లేని విద్య ఆ కొండదారులలో నేటికిని ఎంతయో కలదు.