తీరిక లేని దివాను: కొమర్రాజు లక్ష్మణరావు

మాజ్రి మీదుగా ఉత్తరానికి సాగే రైలుమార్గాన ఉన్న నాగపురం ఒక తెలుగు మహనీయుణ్ణి తీర్చిదిద్దింది. ఆయనే కొమర్రాజు వేంకట లక్ష్మణరావు.

1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించిన లక్ష్మణరావు పసితనంలోనే తండ్రిని కోల్పోయారు. అక్క భండారు అచ్చమాంబ నాగపురంలో తన ఇంట ఉంచుకొని చదివించారు. ఆయన మరాఠీలో వ్యాసాలు రచించేటంతటి ప్రావీణ్యం గడించారు. అయినా మాతృభాషను మరువలేదు. మరాఠీలో వికసిస్తున్న విజ్ఞానం తెలుగులోనూ వెలయాలని తపించారు.

పట్టభద్రులైన పిమ్మట మునగాల సంస్థానంలో దివానుగా చేరారు. లెక్కలు, వ్యవహారాలతో తీరికలేని ఉద్యోగమది. అయినను చేతులు ముడుచుకొని కూర్చోలేదు. భారమంతా ఒక్కరే మోయక, పదిమందిని కూడగట్టడమే ఆయన అనుసరించిన మార్గం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం వెలసినప్పుడు రావిచెట్టు రంగారావు తమ ఇంట చోటిచ్చారు. మునగాల రాజా నాయని వేంకటరంగారావు అండగా నిలిచారు. 1906లో స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు అబ్రహాం లింకన్ చరిత్ర రచించి ఇచ్చారు. ఆ మండలి ద్వారా చరిత్ర, శాస్త్ర గ్రంథాలు సామాన్య పాఠకునికి అందాయి.

ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం విషయంలో మాత్రం అధికభారం తామే వహించారు. మూడు సంపుటాలు వెలువడ్డాయి. అది పూర్తికాకముందే 1923 జూలై 12న, 46 ఏళ్ళ వయస్సులో దివంగతులయ్యారు. తరువాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు ఆ కృషిని చేపట్టారు.

తీరిక చిక్కినప్పుడు సేవ చేద్దామనుకొనేవారికి ఆ తీరిక ఎన్నడూ చిక్కదు. మరాఠీ సీమలో చదివి తెలుగుకు వెలుగునిచ్చిన ఆ జీవితం, ఇక్కడి తెలుగు బిడ్డలకు నిత్యస్మరణీయం.