జాన్ గోల్డింగ్‌హామ్

జాన్ గోల్డింగ్‌హామ్ (1767 - 1849) మద్రాసు వేధశాలకు తొలి అధికారిక ఖగోళ శాస్త్రజ్ఞుడు. గ్రీనిచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందుండే మద్రాసు సమయానికి ఆధారమైన రేఖాంశ గణన ఈయన కృషితోనే స్థిరపడింది.

ఉద్యోగ జీవితం

నుంగంబాకంలో 1792లో వేధశాలను నెలకొల్పిన మైకేల్ టాపింగ్ 1796లో మచిలీపట్నంలో మరణించగా, గోల్డింగ్‌హామ్ ఆ బాధ్యతను స్వీకరించాడు. 1794లో ఆరంభమైన సర్వే పాఠశాలను (నేటి గిండీ ఇంజనీరింగు కళాశాలకు ఇదే మూలం) కూడా ఈయనే నడిపాడు. చెన్నైలోని రాజాజీ హాలు ఈయన రూపకల్పనే. మధ్యలో ఈయన సెలవుపై వెళ్ళినపుడు ఆ స్థానంలో జాన్ వారెన్ పనిచేశాడు. భారతీయుల కాలగణనను వివరించే కాలసంకలిత (1825) గ్రంథకర్త ఈ వారెనే. సెయింట్ జార్జి కోట, సెయింట్ థామస్ మౌంటులలో పేల్చే ఫిరంగుల మోతను గమనించి గోల్డింగ్‌హామ్ ధ్వని వేగాన్ని లెక్కించాడు. ఆ ఫలితాలు 1823లో వెలువడ్డాయి. 1830లో పదవీ విరమణ చేశాడు.

మద్రాసు సమయం

బృహస్పతి ఉపగ్రహాల గ్రహణాలను పరిశీలించి ఈయన మద్రాసు రేఖాంశాన్ని నిర్ణయించాడు. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు 4 నిమిషాలు పడుతుంది. 80 డిగ్రీలకు పైచిలుకు రేఖాంశం కాబట్టి 5 గంటల 21 నిమిషాల తేడా వస్తుంది. తరువాతి శాస్త్రజ్ఞులు ఈ గణనను కొంత సవరించారు. బొంబాయి, కలకత్తాలకు నడుమనున్న ఈ సమయాన్ని 1870 ప్రాంతం నుండి రైల్వేలు అనుసరించాయి. 1906 జనవరి 1న 5 గంటల 30 నిమిషాల భారత ప్రామాణిక సమయం అమలులోకి వచ్చింది. సూర్యుని బట్టి చూస్తే కరీంనగర్ ఈ ప్రామాణిక సమయానికి దాదాపు 13 నిమిషాలు, ఆదిలాబాద్ 16 నిమిషాలు వెనుక ఉంటాయి.

కంప్యూటర్లలో

కంప్యూటర్లు వాడే ప్రపంచ సమయ మండలాల పట్టికలో, ఏషియా/కోల్‌కతా పేరు క్రింద, 1870 నుండి 1905 చివరి వరకు మద్రాసు సమయమే (5 గంటల 21 నిమిషాల 10 సెకన్లు) నమోదై ఉంది. ఇది తెలియని ప్రోగ్రామర్లు చిక్కులో పడుతుంటారు. 1900 జనవరి 1 అర్ధరాత్రి అనే తేదీని +05:30గా చదివి, తిరిగి ఈ పట్టిక ప్రకారం చూపితే 8 నిమిషాల 50 సెకన్లు తగ్గి, 1899 డిసెంబరు 31 రాత్రి 23:51:10 అవుతుంది. ఒక స్వాతంత్ర్య సమరయోధుని జన్మదినమే కాదు, పుట్టిన సంవత్సరం కూడా మారిపోతుంది! పైగా ఐఎస్ఓ 8601 ప్రమాణంలో తేడాను గంటలు, నిమిషాలలోనే వ్రాస్తారు, సెకన్లకు చోటు లేదు. అందువలన 1906కు పూర్వపు జన్మదినాలను గంటలు జోడించక, తేదీగా మాత్రమే భద్రపరచటం మేలు.