నాడికి అందని నొప్పి

పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని, ఏ జబ్బూ లేదని, అనవసరంగా భయపడుతున్నారని చెప్పి డాక్టరు ఫైలు మూసేస్తాడు. తర్వాతి పేషంటును పిలుస్తాడు. రోగి లేచి బయటికి నడుస్తాడు, నొప్పి కూడా అతని వెంటే నడుస్తుంది. ఏళ్ల తరబడి జబ్బుతో బతికేవారిలో చాలామందికి ఇది తెలిసిన అనుభవమే. డాక్టరే ఏమీ లేదన్నాక ఇంట్లోవాళ్లూ అదే మాట అందుకుంటారు. ఇక అతనికి చెప్పుకోవడానికి మనిషి మిగలడు. జబ్బు పెట్టే బాధ ఒకటైతే, ఆ బాధను ఎవరూ నమ్మకపోవడం మరొకటి. ఈ రెండో బాధే ఒక్కోసారి మనిషిని ఎక్కువగా కుంగదీస్తుంది.

ఈ రెండింటినీ మోసి, అటు వైద్యుణ్నీ ద్వేషించకుండా, ఇటు దేవుణ్నీ నిందించకుండా వెళ్లిపోయిన ఒక విశ్వాసి జీవితం ఈ వారం మన ధ్యానాంశం. ఆయన పేరు బ్లేజ్ పాస్కల్. హైస్కూలు సైన్సు పుస్తకంలో పాస్కల్ సూత్రం చదువుకున్న ప్రతివారికీ ఆ పేరు తెలుసు. పీడనాన్ని కొలిచే ప్రమాణానికి కూడా ఆయన పేరే పెట్టారు. కానీ ఆ మేధావి 18వ ఏట నుంచి నొప్పి లేని రోజు ఎరగడన్న సంగతి తెలిసినవారు తక్కువ.

పాస్కల్ 1623 జూన్ 19న ఫ్రాన్సు దేశంలోని క్లెర్మాంట్ పట్టణంలో పుట్టాడు. మూడేళ్ల వయసులో తల్లి చనిపోయింది. తండ్రి ఎతియెన్, అక్క జిల్బర్ట్, చెల్లెలు జాక్లిన్, ఇదే ఆయన కుటుంబం. 16 ఏళ్లకే గణితంలో పెద్దలు మెచ్చిన వ్యాసం రాశాడు. తండ్రి పన్నుల అధికారి. రాత్రుళ్లు దీపం ముందు కూర్చుని ఆయన లెక్కలు వేసుకోవడం చూసి, ఆ శ్రమ తగ్గించాలని 1642లో లెక్కలు చేసే యంత్రాన్ని తయారుచేయడం మొదలుపెట్టాడు. దాని కోసం ఏళ్ల తరబడి పాటుపడ్డాడు. ఆరోగ్యం దెబ్బతినడం కూడా ఆ రోజుల్లోనే ఆరంభమైంది.

ఆ ఇంటికి మంచి వైద్యుల విలువ కూడా తెలుసు. 1646 జనవరిలో తండ్రి మంచు మీద జారిపడి తొంటి ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఎముకలు కట్టడంలో చేయి తిరిగిన ఇద్దరు అన్నదమ్ములు ఆ ఇంట్లోనే మూడు నెలలు ఉండి ఆయనకు చికిత్స చేశారు. వారు భక్తిపరులు. కాలు బాగుచేస్తూనే తమ విశ్వాసం గురించి మాట్లాడారు, పుస్తకాలు ఇచ్చారు. పాస్కల్ కుటుంబమంతా దేవునివైపు గట్టిగా తిరిగింది ఆ మూడు నెలల్లోనే. రోగి మంచం పక్కన ఓపికగా కూర్చునే వైద్యుడు ఎంత మేలు చేయగలడో పాస్కల్ కళ్లారా చూశాడు.

మరుసటి ఏడు మాత్రం వంతు ఆయనదైంది. 1647లో నడుము కింది భాగం దాదాపు చచ్చుబడింది. చంకకర్రలు లేనిదే కదలలేకపోయాడు. పాదాలు రాళ్లలా చల్లబడితే బ్రాందీలో తడిపిన మేజోళ్లు తొడిగి వేడి పుట్టించేవారు. తలనొప్పి, కడుపులో మంట ఉండేవి. గొంతులోకి చల్లనిదేదీ దిగేది కాదు. గోరువెచ్చని ద్రవాన్ని చుక్కచుక్కగా మింగాల్సి వచ్చేది. వైద్యులు మూడు నెలలపాటు రోజు విడిచి రోజు విరేచనాల మందు ఇచ్చారు. ఆ మందును కూడా వెచ్చచేసి, చుక్కచుక్కగానే తాగాలి. చూసేవారికే కడుపు తిప్పేది. ఆయన మాత్రం ఒక్కనాడూ సణగలేదని అక్క రాసింది.

ఆ తర్వాత సలహాల వంతు వచ్చింది. బుర్రకు పని చెప్పడం మానేసి నలుగురిలో తిరుగుతూ కాలక్షేపం చేయమన్నారు వైద్యులు. అదే ఏడాది సెప్టెంబరులో ఆయన్ని చూడవచ్చిన ప్రసిద్ధ తత్త్వవేత్త డెకార్ట్ మరొకటి చెప్పాడు. విసుగు పుట్టేదాకా రోజూ మంచం మీదే ఉండి, బాగా మాంసరసం తాగమన్నాడు. ఒకరు తిరగమంటే మరొకరు పడుకోమన్నారు. దీర్ఘరోగం ఉన్న ఇంట్లో ఇది కొత్త కాదు. వచ్చినవారందరి దగ్గరా ఒక మందు ఉంటుంది, రోగి చెప్పేది చివరిదాకా వినే తీరికే ఉండదు. పాస్కల్ వైద్యుల మాటే విని కొన్నేళ్లు పారిస్ సంపన్నుల మధ్య తిరిగాడు. తన తమ్ముడి జీవితంలో అంతగా వృథా అయిన కాలం మరొకటి లేదని జిల్బర్ట్ తర్వాత బాధపడింది.

1654 నవంబరు 23, సోమవారం. రాత్రి సుమారు పదిన్నర నుంచి పన్నెండున్నర వరకు ఆయన దేవుని సన్నిధిలో గడిపాడు. తత్త్వవేత్తలు ఊహించిన దేవుణ్ని కాక అబ్రాహాము, ఇస్సాకు, యాకోబుల దేవుణ్ని ఆ రాత్రి కలుసుకున్నానని ఒక కాగితం మీద రాసుకున్నాడు. ఆ రాతను కోటు లోపలి గుడ్డలో పెట్టి కుట్టుకున్నాడు. కోటు మార్చినప్పుడల్లా విప్పి కొత్త కోటులో కుట్టుకునేవాడు. ఎవరికీ చెప్పలేదు. ఆయన చనిపోయాక ఒక సేవకుని చేతికి తగిలి అది బయటపడింది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆ రాత్రి ఆయన జీవితం మారింది గానీ జబ్బు పోలేదు. మన స్వస్థత కూటాల్లో నయం కానివారిని పట్టుకుని వారికి విశ్వాసం చాల్లేదని తేల్చేసేవారున్నారు. డాక్టరు జబ్బే లేదంటే, వీరు విశ్వాసమే లేదంటారు. రోగి మాట వినకుండా తీర్పు చెప్పడంలో ఇద్దరూ ఒక్కటే. ముల్లు తీసేయమని మూడుసార్లు వేడుకున్నా తీయబడని అపొస్తలుడైన పౌలుకు విశ్వాసం తక్కువా? (2 కొరింథీ 12:7-9).

పాస్కల్ బాధలోనే పనిచేశాడు. క్రైస్తవ విశ్వాసాన్ని సమర్థిస్తూ ఒక పెద్ద గ్రంథం రాయాలని తలపోసి, ఓపిక ఉన్నప్పుడల్లా చిన్నచిన్న కాగితాల మీద ఆలోచనలు రాసిపెట్టాడు. 1659 నుంచి బలహీనత మరీ ఎక్కువై ఆ గ్రంథం పూర్తికాలేదు. ఆ కాగితాలనే స్నేహితులు 1670లో అచ్చువేశారు. జబ్బును మేలుకు వాడుకొనే కృప ఇమ్మని దేవుణ్ని అడుగుతూ ఒక ప్రార్థన కూడా ఆయన రాశాడు. అందులో ఆరోగ్యమే కావాలని గానీ, జబ్బే కావాలని గానీ అడగడు. తనకు ఏది మంచిదో దేవునికే తెలుసు గనుక ఆ నిర్ణయాన్ని ఆయనకే వదిలేస్తాడు. 1660లో పారిస్ నుంచి క్లెర్మాంట్ ప్రాంతానికి వెళ్లడానికి ఆయనకు 22 రోజులు పట్టింది. చేతికర్ర లేనిదే నడవలేనని, గుర్రం మీద కూర్చోలేనని, బండిలో కూడా కొద్ది దూరమే ప్రయాణించగలనని ఆ ఆగస్టులో స్నేహితుడు ఫెర్మాకు రాశాడు. గొప్ప చెప్పుకోలేదు, దాచుకోనూ లేదు. ఉన్నది ఉన్నట్టు రాశాడు.

1662 ఆయన చివరి సంవత్సరం. తక్కువ చార్జీతో ఎక్కగలిగే గుర్రపు బండ్లు ఆ మార్చిలో పారిస్ వీధుల్లో నడిచాయి. ఆ ఏర్పాటు వెనక ఉన్నవాడు పాస్కలే. ఆ చలికాలంలో బ్లువా ప్రాంతంలో పేదలు ఆకలితో అలమటిస్తున్నారని విని, రాబోయే లాభాల్లో తన వాటా కింద వెయ్యి ఫ్రాంకులు ముందే ఇస్తే వారికి పంపుతానని భాగస్వాములను అడిగాడు.

తన ఇంట్లోనే ఒక పేద కుటుంబానికి చోటిచ్చాడు. ఆ ఇంటి పిల్లవాడికి మశూచి సోకింది. అక్క రోజూ వచ్చి పాస్కల్‌కు సేవచేసేది. ఆమెకూ పిల్లలున్నారు గనుక ఆ రోగి ఉన్న ఇంటికి రావడం ప్రమాదం. ఎవరైనా ఆ కుటుంబాన్నే పంపించేస్తారు. పాస్కల్ అలా చేయలేదు. జబ్బుతో ఉన్న బిడ్డను కదిలించడం కంటే తాను కదలడమే మేలని చెప్పి, జూన్ 29న తానే ఇల్లు విడిచి అక్క ఇంటికి చేరాడు.

మూడు రోజులకే భయంకరమైన కడుపునొప్పి పట్టుకుంది. నిద్ర పోయింది. వైద్యులు వచ్చి నాడి చూశారు. నాడి బాగుంది, జ్వరం లేదు. అందుచేత ప్రాణాపాయం ఎంతమాత్రం లేదన్నారు. ఆయన రోమన్ కేథలిక్కు. ప్రభు భోజనం, అంటే సత్ప్రసాదం, తీసుకోవాలని ఆయన ఎంతో ఆశపడ్డాడు. ఆ రోజుల్లో ఇంటికి తెచ్చి ఇచ్చేది మరణాపాయంలో ఉన్నవారికే. వైద్యులు ప్రమాదం లేదంటున్నారు గనుక ఇంట్లోవారు ఒప్పుకోలేదు. కోలుకున్నాక గుడికి వెళ్లి తీసుకోవచ్చన్నారు. వైద్యుని ఒక్క మాట ఆయన్ని తన ప్రభువు బల్లకు దూరం చేసింది.

ఆయన ఏం చేశాడు? మందు మానలేదు. వైద్యులు తాగమన్న నీళ్లు తాగాడు. కానీ వారు ఏమీ లేదన్నారని తన నొప్పిని లేదనలేదు. తల తిరుగుడు, తలనొప్పి ఎక్కువైనప్పుడు, తన బాధ వారికి తెలియడం లేదని, ఈ తలనొప్పిలో మామూలు కానిదేదో ఉందని, వారు పొరపడుతున్నారని శాంతంగానే చెప్పాడు. ఎంత అడిగినా సత్ప్రసాదం ఇవ్వకపోయేసరికి మరొకటి కోరాడు. ఒక పేద రోగిని ఈ ఇంటికి తెచ్చి, తనకు చేసే సేవలన్నీ అతనికీ చేయమన్నాడు. కదిలించదగిన రోగి ఎవరూ లేరని విచారణ గురువు కబురు పంపాడు. అలాగైతే నయంకాని రోగుల ఆసుపత్రికి తననే చేర్చమని, పేదల మధ్య చనిపోతానని అడిగాడు. కదిలించకూడదని వైద్యులు దానికీ అడ్డుచెప్పారు.

ఆగస్టు 17న తలనొప్పి భరించరానిదైంది. మరికొందరు వైద్యులతో కలిసి ఆలోచించమని ఆయనే కోరాడు. వారు చూసి, ఇది పార్శ్వపు నొప్పేనని, తాగిన నీళ్ల ఆవిర్లు తలకెక్కాయని, విరిగిన పాల తేట తాగితే చాలని చెప్పి వెళ్లారు. పాస్కల్ నమ్మలేదు. ఆ రాత్రి ఒక గురువును తన దగ్గరే ఉంచమని అక్కను అడిగాడు.

జిల్బర్ట్ చదువుకున్న వైద్యురాలు కాదు. ఏళ్ల తరబడి ఆ ముఖాన్ని చూసిన అక్క. వైద్యులందరూ ప్రమాదం లేదన్న ఆ రోజున ఆమె తమ్ముడి మాటనే నమ్మింది. ఎవరికీ చెప్పకుండా కొవ్వొత్తులు, సత్ప్రసాదానికి కావలసినవన్నీ సిద్ధంచేసి ఉంచింది. అర్ధరాత్రి ఆయనకు తీవ్రమైన మూర్ఛ వచ్చింది. చనిపోయాడనే అనుకున్నారు. కాసేపటికి తెలివి వచ్చింది. విచారణ గురువు సత్ప్రసాదంతో గదిలో అడుగుపెట్టాడు. అంత బలహీనతలోనూ పాస్కల్ సగం లేచి, కన్నీళ్లతో దాన్ని అందుకున్నాడు. తిరిగి మూర్ఛలు మొదలయ్యాయి. 24 గంటల తర్వాత, 1662 ఆగస్టు 19 తెల్లవారుజామున ఒంటిగంటకు కన్నుమూశాడు. వయసు 39 ఏళ్ల రెండు నెలలు.

శవాన్ని కోసి చూశారు. పేగులు కుళ్లిపోయి ఉన్నాయి. జీర్ణకోశం, కాలేయం ఎండిపోయి ఉన్నాయి. పుర్రె లోపల గడ్డకట్టిన చెడు రక్తం కనబడింది. ఆ జబ్బు పేరేమిటో వైద్యులు ఈనాటికీ ఒక మాట మీదికి రాలేదు. కానీ ఒకటి మాత్రం రుజువైంది. రోగి చెప్పింది నిజం.

ఆ వైద్యులు దుర్మార్గులని అనడం న్యాయం కాదు. స్టెతస్కోపు అదే పారిస్‌లో పుట్టడానికి ఇంకా 154 ఏళ్లు పడుతుంది. వారి చేతిలో ఉన్నది నాడి ఒక్కటే. నాడికి అందనిది కూడా ఉంటుందని ఒప్పుకోకపోవడమే వారి పొరపాటు. ఈనాడు యంత్రాలు ఎన్నో ఉన్నాయి. అయినా యంత్రానికి అందనిది రోగి నోటి వెంటే రావాలి, దాన్ని ఎవరో ఒకరు వినాలి.

పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడిన స్త్రీని గుర్తుచేసుకుందాం (మార్కు 5:25-34). ఎందరో వైద్యుల చేతుల్లో ఆమె నానా అవస్థలు పడి, ఉన్నదంతా ఖర్చుచేసి, ఇంకా క్షీణించింది. చావుబతుకుల్లో ఉన్న ఒక పాప ఇంటికి ప్రభువు త్వరపడి వెళ్తున్నాడు. అయినా ఆగాడు. ఆమె స్వస్థత పొందింది గదా, ఇక చాలని కదిలిపోలేదు. జరిగినదంతా ఆమె చెప్పేదాకా నిలబడి విన్నాడు. కుమారీ అని పిలిచాడు. అన్నేళ్లలో ఆమె కథ మొత్తం వినడానికి నిలబడినవాడు ఆయన.

కాబట్టి ఏళ్ల జబ్బుతో ఉన్న సహోదరీ, సహోదరుడా, డాక్టరు నమ్మలేదని మీ నొప్పిని మీరే అబద్ధమనుకోవద్దు. కోపంతో మాత్రలు మానేయవద్దు. నొప్పి ఎప్పటినుంచి ఉందో, ఏ వేళ ఎక్కువవుతుందో రాసుకుని వెళ్లి చూపించండి. వినకపోతే మరో డాక్టరును అడగండి, అది అవిశ్వాసం కాదు. చివరి వారంలో పాస్కల్ కూడా అడిగాడు. వైద్యుడైన లూకాను పౌలు ప్రియమైనవాడని పిలిచాడు (కొలస్సీ 4:14). వినే వైద్యులు ఈనాడూ ఉన్నారు.

రోగి పక్కన ఉన్నవారికి మరో మాట. మీరు నొప్పి తీయలేకపోవచ్చు, మందు మార్చలేకపోవచ్చు. కానీ నమ్మగలరు. ఆ రాత్రి జిల్బర్ట్ చేసింది అంతకంటే ఎక్కువేమీ కాదు. తమ్ముడి మాట నమ్మి కొవ్వొత్తులు సిద్ధంగా ఉంచింది. అందువల్లే అర్ధరాత్రి వేళ అతని కోరిక తీరింది. మన ఇంట్లో నొప్పి అని చెప్పేవారి మాట ఈ రోజు ఒక్కసారి చివరిదాకా విందాం.