మెదడు కరెంటు గుట్టు విప్పిన సుబ్బారావు

బోరు మోటారు ఎంత ఖరీదైనదైనా కరెంటు రాకపోతే చుక్క నీరు పడదని విడపనకల్లు రైతులకు వేరే చెప్పనక్కర్లేదు. మీ తలలోనూ అదే సంగతి. మెదడు బరువు ఒంట్లో 2 శాతమే. ఖర్చు చేసే శక్తి మాత్రం 20 శాతం దాకా ఉంటుంది.

ఆ శక్తి ఒంట్లో ఏ రూపంలో ఉంటుందో కనిపెట్టినవాళ్లలో మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895లో భీమవరంలో పుట్టారు. తోబుట్టువులను జబ్బు పొట్టన పెట్టుకుంది. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు గౌనుతో ఆపరేషన్ గదిలోకి వెళ్లారు. సర్జరీ ప్రొఫెసర్‌కు కోపమొచ్చింది. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు చిన్న పట్టా ఎల్ఎంఎస్ చేతికొచ్చింది. భార్యను ఇక్కడే వదిలి అమెరికా ఓడెక్కారు, మళ్లీ తిరిగిరాలేదు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా ఏటీపీని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు స్థిరమైన పదవి ఇవ్వలేదు. ఆ తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన చేసిన మందుల కథ చాలా పెద్దది, ఇక్కడ పట్టదు. 1948 ఆగస్టులో 53 ఏళ్లకే కన్నుమూశారు.

ఇప్పుడు మెదడులోకి రండి. నాడీకణాల మధ్య సన్నని సందు ఉంటుంది. అదే సినాప్స్. ఇవతలి కణంలో రసాయనం నిండిన బుల్లి సంచులుంటాయి. కొన్ని ప్రొటీన్లు మోకుల్లా పెనవేసుకుని సంచిని అంచుకు లాగితే, రసాయనం సందులో పడుతుంది. తర్వాత ఆ ముడి విప్పాలి. లేకపోతే మరో సంచికి మోకు మిగలదు. విప్పేది ఎన్ఎస్ఎఫ్ అనే ప్రొటీన్, దానికిచ్చే కూలి ఏటీపీ. అవతలి అంచున మరికొన్ని ప్రొటీన్లు గుత్తిగా ఉంటాయి. ఏటీపీ నుంచి తుంచిన ఫాస్ఫేట్ వీటికి అతుక్కున్నప్పుడు సినాప్స్ బలపడుతుంది. మీరు నేర్చుకున్నది గుర్తుండటానికి ఇదొక ముఖ్యమైన దారి. ఆ గుత్తిలోని షాంక్3 జన్యువు చెడితే పిల్లల్లో ఆటిజం, బుద్ధిమాంద్యం రావచ్చు.

ఫాస్ఫోక్రియాటిన్ పని ఏటీపీ తరిగినప్పుడు వెంటనే నింపడం. దానికి మూలమైన క్రియాటిన్ మెదడులో పుట్టుకతోనే లోపించిన పిల్లలు అరుదుగా ఉంటారు. వీళ్లకు మాటలు ఆలస్యమవుతాయి, ఫిట్స్ రావచ్చు, చదువు ఎక్కదు. మూడు రకాల లోపాల్లో రెండింటికి క్రియాటిన్ మందుగా పనిచేస్తుంది, తొందరగా మొదలుపెడితే మేలు ఎక్కువ. కాబట్టి మీ బిడ్డకు రెండేళ్లు దాటినా మాటలు రాకపోతే, మొండితనమనో, మేనమామ పోలికనో సరిపెట్టుకోకండి. పిల్లల నరాల వైద్యుణ్ని అడగండి. రక్తం, మూత్రం పరీక్షలతో ఈ లోపాన్ని అనుమానించవచ్చు, జన్యు పరీక్షతో నిర్ధారిస్తారు. జిమ్‌లో అమ్మే క్రియాటిన్ పొడి మాత్రం సొంతంగా తాగించొద్దు.