మీటరు తయారుచేసిన మెకానికల్ ఇంజినీరు

మార్కాపురంలోనో గిద్దలూరులోనో రూమ్ తీసుకుని పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు నెలాఖరున ఒక తగువు తప్పదు. కరెంటు బిల్లు ఇంతెందుకొచ్చింది అని. ఓనరు చూపించేది గోడమీది మీటరునే. ఆ మీటరు వెనక ఉన్న మనిషి ఓట్టో బ్లాతీ.

1860లో హంగేరీలోని టాటా అనే ఊళ్లో పుట్టాడు. వియన్నాలో మెకానికల్ ఇంజినీరింగ్ చదివాడు. విద్యుత్ గురించి కాలేజీలో ఆయన నేర్చుకున్నది దాదాపు శూన్యం. అయినా 1883లో బుడాపెస్ట్‌లోని గాంజ్ కంపెనీలో, అదీ విద్యుత్ పనిలోనే చేరాడు. మాక్స్‌వెల్ సిద్ధాంతాలు సొంతంగా చదువుకున్నాడు. రెండేళ్లు తిరక్కుండానే, 1885లో, జిపర్నోవ్‌స్కీ, డేరీలతో కలిసి ట్రాన్స్‌ఫార్మర్‌కు పేటెంట్ తీసుకున్నాడు. కోర్ సర్క్యులర్ చూసి బ్రాంచి ఎంచుకునే మన పిల్లలకు ఇది కాస్త వింతగానే ఉంటుంది.

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చాక ఏసీ కరెంటు దూరాలకు వెళ్లింది. మరి ఎవరెంత వాడారో తెలిసేదెలా? ఎడిసన్ మీటరులో జింకు పలకలను తూకం వేసేవారు, అది డీసీకే పనికొచ్చేది. 1889లో బ్లాతీ ఏసీ యూనిట్లు లెక్కించే ఇండక్షన్ మీటరు చేశాడు. కరెంటు వాడేకొద్దీ అందులో రేకు చక్రం తిరుగుతుంది, ఎక్కువ వాడితే వేగంగా తిరుగుతుంది. మన పాత మీటర్లలో తిరిగే చక్రం ఆ వంశానిదే.

ఇప్పటి మీటర్లలో చక్రం లేదు, ఎర్ర లైటు మినుకుమంటుంది. పక్కనే కిలోవాట్ అవర్‌కు 3200 అని ఉంటే, అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ అని. అన్నీ ఆపేసి ఫ్యాన్ ఒక్కటే వేసి చూడండి. పది నిమిషాల్లో 40 సార్లు వెలిగితే గంటకు 240. 3200తో భాగిస్తే 0.075 యూనిట్, అంటే 75 వాట్లు. మన ఎండలకి రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 45 యూనిట్లు ఫ్యాన్‌కే. అన్నీ ఆపినా లైటు వెలుగుతూనే ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే. డిస్‌ప్లేలో వోల్టేజీ, తేదీ కూడా మారి మారి వస్తాయి, మీకు కావాల్సింది కేడబ్ల్యూహెచ్ అంకె. ఒకటో తారీఖుది రాసిపెట్టుకుని, నెలాఖరు అంకెలోంచి తీసేస్తే సరి.

బ్లాతీ పేరిట వందకు పైగా పేటెంట్లున్నాయి. ఖాళీ దొరికితే చెస్ పజిల్స్ కూర్చేవాడు, వందల ఎత్తులు నడిచేవి కూడా. 1939 సెప్టెంబరులో బుడాపెస్ట్‌లో కన్నుమూశాడు.