శుక్రునికై కాచుకొన్న అంకితము వేంకట నరసింగరావుగారు

తెల్లవారుజామున తూర్పున వెలిగెడి వేగుచుక్కను ఎరుగని తెలుగుపల్లె లేదు. గడియారములు లేని కాలమున పాలమూరు, నల్లగొండ మెట్టసీమల సేద్యగాడు ఆ చుక్క పొడుపును చూచియే ఎడ్లను కట్టెడివాడు. ఆ వేగుచుక్కయే శుక్రగ్రహము. దాని నడకను శాస్త్రదృష్టితో పరిశీలించిన తెలుగువారిలో అంకితము వేంకట నరసింగరావుగారు చిరస్మరణీయులు.

వారు 1827లో జన్మించిరి. వారి మామగారైన గోడే వేంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్టణమున సొంత ధనముతో నక్షత్రశాలను నెలకొల్పిరి. 1856లో జగ్గారావుగారు కాలధర్మము నొందగా, నరసింగరావుగారు డిప్యూటీ కలెక్టరు పదవిని వదలుకొని దాని భారమును వహించిరి. అట్టి పదవి తెలుగువారికి అరుదుగా లభించిన దినములవి. దానిని విడిచి ఆకాశమును నమ్ముకొనుట సామాన్య సాహసము కాదు. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణమును వారు పరిశీలించిరి. 1871లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ వారిని సభ్యులుగా స్వీకరించినది.

శుక్రుడు భూమికిని సూర్యునికిని సరిగా నడుమ వచ్చినపుడు రవిబింబముపై నల్లని బొట్టువలె సాగిపోవును. ఇదియే శుక్ర అంతర్యానము. ఇది 8 ఏండ్ల ఎడముతో రెండుమారులు సంభవించి, పిదప నూరేండ్లకు పైగా కానరాదు. దూరదూర ప్రదేశములనుండి ఆ బొట్టు ప్రవేశ నిర్గమన క్షణములను గుర్తించి పోల్చినచో సూర్యుని దూరము తేలునని హేలీ 1716లో వివరించెను. అందుచే 1874 డిసెంబరు 9వ తేదీకై పలుదేశముల శాస్త్రజ్ఞులు సముద్రములు దాటి వెళ్లిరి. నరసింగరావుగారు తమ ఊరనే దుర్భిణి నెక్కుపెట్టి కాచుకొనిరి. తదుపరి అంతర్యానము 1882లోనిది. అది మన దేశమున కనబడదు. కనుక వారి జీవితమున దక్కినది ఆ ఒక్క ఉదయమే. మబ్బు అడ్డుపడినచో ఇన్నేండ్ల శ్రమయు వృథాయే. వారు ఆ దృశ్యమును చూచి, లెక్కలు వ్రాసి పంపగా, 1875లో సొసైటీ పత్రిక ప్రకటించినది.

నరసింగరావుగారు 1892లో పరమపదించిరి. వారు చూచిన ఆ నల్లబొట్టుపై 1970లో వెనేరా-7 నౌక దిగి, అది మండుచున్న రాతినేల యని తెలిపినది. అచటి వేడిమి సుమారు 460 డిగ్రీలు. వాయుపీడనము భూమిపై కంటె 90 రెట్లు. 1990 నుండి మెగెల్లాన్ నౌక దట్టమైన మేఘములను రాడారుతో ఛేదించి, కొండలను, అగ్నిపర్వతములను పటము గీచినది.

మరల అంతర్యానము 2117లో గాని రాదు. కాని వేగుచుక్క మనకు దూరము కాదు. దానిని చూపునపుడు ఉపాధ్యాయులు ఈ మహనీయుని పేరు కూడ విద్యార్థులకు తెలుపుట ఉచితము.